కారు కింద ఒక పూట: ఆటోమేటిక్ గేర్‌బాక్సు నూనె మార్చుకోవడం

(డాలస్ పక్కన ఇర్వింగ్‌లో, ఒక ఆదివారం ఉదయం తెలుగువాళ్ళ కలయికలో చేసిన ప్రసంగం. మాటల్ని మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్ళకి వినపడుతోందా? సరే.

ముందు ఈ రెండు సీసాలూ చూడండి. ఎడమ చేతిలోది కొత్తది, దానిమ్మరసంలా ఉంది. కుడి చేతిలోది మూడు వారాల కింద నా బండిలోంచి దింపింది, చింతపండు పులుసులా ఉంది. రెండూ ఒకటే నూనె. మధ్యలో 60 వేల మైళ్ళ తేడా. ముందు వరస వాళ్ళు మూత తీసి వాసన చూడండి, ఏం కాదు. నల్లబడితే మరీ కంగారు పడక్కర్లేదు. మాడిన వాసన వస్తేనే లోపల క్లచ్ పలకలు కాలుతున్నాయని లెక్క. పోపు మాడితే వంటింట్లోంచి హాల్లోకి తెలిసినట్టు, ఆ వాసన ఎవరూ నేర్పకుండానే తెలుస్తుంది.

మూడో రంగు ఒకటుంది, అది ఇక్కడికి తేలేదు. స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్ రంగు. నవ్వకండి, టొయోటా బళ్ళ వాళ్ళు దాన్ని నిజంగా ఆ పేరుతోనే పిలుస్తారు. ఈ నూనె చల్లబడే గొట్టం రేడియేటర్ లోపలినుంచి వెళుతుంది. అక్కడ లోపల పగిలితే ఇంజినుని చల్లబరిచే నీళ్ళు, అంటే కూలెంటూ, ఈ నూనే కలిసిపోయి గులాబీ రంగు నురగ తయారవుతుంది. కొన్నేళ్ళ కిందటి టకోమాల్లో, ఫోర్‌రన్నర్‌లలో ఇది చాలామందికి జరిగింది. ఆ రంగు కనపడిందంటే నూనె మార్చే పని కాదు, బండిని ట్రక్కు మీద ఎక్కించి పంపే పని.

నా బండి 2012 ఫోర్‌రన్నర్. 4 లీటర్ల వీ6 ఇంజిను, 5 గేర్ల ఆటోమేటిక్. ఆ గేర్‌బాక్సు పేరు ఏ750ఎఫ్. చివరి ఎఫ్ ఫోర్ వీల్ డ్రైవ్ రకానికి. టూ వీల్ డ్రైవ్ అయితే ఏ750ఈ. ఆ కాలపు వీ6 టకోమా, ఎఫ్‌జే క్రూజర్, లెక్సస్ జీఎక్స్ 470 ఉన్నవాళ్ళకీ దాదాపు ఇదే వర్తిస్తుంది. హోండా వాళ్ళూ, జీపు వాళ్ళూ పద్ధతి వినండి, అంకెలు మాత్రం మీ బండి పుస్తకంలోవి తీసుకోండి.

ఈ పని నేనే చేసుకోవాలని ఎందుకు అనిపించిందో చెబుతాను. మా నాన్నగారు నర్సీపట్నంలో మహీంద్రా జీపు నడిపేవారు. ఏజెన్సీ రోడ్లు, ఘాట్లు. గేర్‌బాక్సు నూనె చూడాలంటే పక్కనున్న బోల్టు విప్పి, చిటికెనవేలు లోపలికి పెట్టి, వంచి చూసేవారు. వేలికి తడి తగిలితే సరిపోయింది, లేకపోతే ఇంకొంచెం పొయ్యాలి. అంతే. ఆయన ఇక్కడికి వచ్చినప్పుడు నా బండి బానెట్ ఎత్తి చాలాసేపు వెతికారు. "ఒరే, దీని గేర్‌బాక్సుకి డిప్‌స్టిక్ ఏదిరా?" అన్నారు. లేదు నాన్నా అన్నాను. "మరి ఎంతుందో ఎలా తెలుస్తుంది?" నా దగ్గర జవాబు లేదు. బండి కొని నాలుగేళ్ళయింది అప్పటికి. సిగ్గేసింది.

ఆ ప్రశ్నకి జవాబే ఇవాళ్టి ప్రసంగం. మిగతాదంతా బోల్టులు విప్పడం, బిగించడం. అది మీలో ఎవరైనా చేస్తారు.

ఈ నూనె ఏం చేస్తుందో రెండు ముక్కలు. మాన్యువల్ బండిలో ఇంజినుకీ గేర్లకీ మధ్య క్లచ్ పలక ఉంటుంది, అది నేరుగా అంటుకుని బలాన్ని పంపుతుంది. ఆటోమేటిక్‌లో ఆ చోట టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు పెట్టి ఒకదాన్ని తిప్పితే గాలికి రెండోది తిరుగుతుంది కదా, అలాగ. గాలి బదులు నూనె. ఈ ఊహ మొదట కార్ల కోసం పుట్టింది కాదు. 1905లో హెర్మన్ ఫెటింగర్ అనే జర్మన్ ఇంజినీరు ఓడల కోసం పేటెంటు తీసుకున్నాడు. ఇక్కడ అమెరికాలో 1940 మోడల్ ఓల్డ్స్‌మొబిల్ కారుతో హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సు వచ్చాక జనం క్లచ్ పెడల్ మర్చిపోవడం మొదలెట్టారు. అప్పట్లో ఈ నూనెలో ఏం కలిపేవారో తెలుసా? తిమింగలం నూనె. క్లచ్ పలకలు కీచుమనకుండా మెత్తగా పట్టుకోడానికి అంతకంటే మంచిది దొరకలేదు వాళ్ళకి. 1970ల మొదట్లో తిమింగలాల వేట ఉత్పత్తుల్ని ఇక్కడ నిషేధించాక కెమిస్టులు కిందామీదా పడి వేరే రసాయనాలు వెతుక్కోవాల్సొచ్చింది.

అంటే ఇది ఒట్టి కందెన కాదు. ఇంజిను బలాన్ని మోసేది ఇదే. ఏ క్లచ్ ఎప్పుడు పట్టాలో పీడనంతో నడిపేది ఇదే. గేర్లకి జిడ్డూ ఇదే, వేడిని రేడియేటర్ దాకా మోసుకెళ్ళేదీ ఇదే. అందుకే ఏది దొరికితే అది పొయ్యకూడదు. నా బండికి టొయోటా డబ్ల్యూఎస్ అనే రకం నూనె. అంతకుముందు వాడిన టైప్ టీ-4 దీనికి పనికిరాదు, ఇది దానికి పనికిరాదు. రెండూ ఎర్రగానే ఉంటాయి. రంగు చూసి మోసపోకండి. ఆ ఎరుపు కలిపిందే నేల మీద మరక చూసి ఇది ఇంజిను నూనె కాదు అని తెలుసుకోడానికి.

"జీవితకాలం మార్చక్కర్లేదు" అంటారు కదా అని మీలో కొందరు అనుకుంటున్నారు, మొహాల్లో కనపడుతోంది. ఎవరి జీవితకాలం? అది అడగాలి. మామూలుగా నడిపే బండికి టొయోటా షెడ్యూల్లో ఈ నూనె మార్పు లేదు, నిజమే. కానీ అదే పుస్తకంలో ట్రెయిలర్ లాగేవాళ్ళకి, బరువులు మోసేవాళ్ళకి 60 వేల మైళ్ళకి మార్చమని ఉంది. మనం ఏం చేస్తాం? లాంగ్ వీకెండొస్తే పైన కారియర్, లోపల ఆరుగురు, ఇడ్లీ కుక్కరుతో సహా కొలరాడో ఎక్కుతాం. టెక్సస్ ఎండలో నాలుగు గంటలు. నా దృష్టిలో అది బరువు మోసే బండే. వేడే ఈ నూనెకి శత్రువు. మైళ్ళు ఆ తర్వాత.

ఇప్పుడు బండి కిందికి వెళదాం.

ఫోర్ వీల్ డ్రైవ్ బళ్ళతో ఒక మేలుంది. నేలకీ బండికీ మధ్య ఎత్తు ఎక్కువ. నాది దాదాపు 24 సెంటీమీటర్లు. నాలాంటి బక్కమనిషి జాకీ లేకుండానే దూరిపోతాడు. కొంచెం ఒళ్ళున్నవాళ్ళు... (నవ్వులు) నాలుగు చక్రాలనీ సమానంగా ఎత్తండి. నాలుగూ, వినండి. ముందువైపు మాత్రమే ఎత్తితే గేర్‌బాక్సు వాలిపోతుంది, నూనె మట్టం తప్పు చూపిస్తుంది. ఎత్తితే గట్టి స్టాండ్ల మీద నిలబెట్టండి. ఒట్టి జాకీ మీద ఉన్న బండి కిందికి తల పెట్టకండి. ఈ పనిలో చివరికి ఇంజిను ఆన్ చేసి కిందికి దూరాలి. అందుకని నేనైతే ఎత్తను. చదునైన గరాజ్ నేల, హ్యాండ్ బ్రేకు, చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు, గరాజ్ తలుపు పూర్తిగా ఎత్తి. మూసిన గరాజ్‌లో ఇంజిను నడపడం చావుతో సరసం.

ఒక చెడు కూడా ఉంది ఫోర్ వీల్ డ్రైవ్‌తో. కింద పడుకుని పైకి చూస్తే అన్నీ బోల్టులే. ఇంజిను నూనెకి ఒకటి. గేర్‌బాక్సుకి మూడు. దాని వెనకే ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్, దానికి రెండు. ఆ బలాన్ని కుడి ఎడమ చక్రాలకి పంచే గేర్ల డబ్బాలు, ముందు డిఫరెన్షియల్, వెనక డిఫరెన్షియల్, చెరో రెండు. అయిదు చోట్ల అయిదు నూనెలు. మొదటిసారి చేసేవాళ్ళు ఒకదాని బదులు ఒకటి విప్పడం మామూలే. నా స్నేహితుడు ఒకాయన ట్రాన్స్‌ఫర్ కేస్ ఖాళీ చేసి, గేర్‌బాక్సులో మూడు లీటర్లు అదనంగా పోశాడు. గుర్తు చెబుతాను: గేర్‌బాక్సుకి కింద బల్లపరుపుగా పెద్ద రేకు పళ్ళెం ఉంటుంది, చుట్టూ వరసగా చిన్న బోల్టులు. ట్రాన్స్‌ఫర్ కేస్‌కి పళ్ళెం ఉండదు. కారినది ఎర్రగా కాకుండా తేనెరంగులో, కుళ్ళిన గుడ్డు వాసన వేసిందంటే అది గేర్ ఆయిల్. తప్పు మూత విప్పారు, వెంటనే మూసెయ్యండి.

ఆ పళ్ళానికి అడుగున రెండు మూతలుంటాయి. ఒకటి 14 పానా పట్టేది, అది ఖాళీ చేసే మూత. రెండోది 5 మిల్లీమీటర్ల అలెన్ కీ పట్టేది, పక్కన చెక్ అని అచ్చుపోసి ఉంటుంది. దాన్ని ఇప్పుడు ముట్టుకోకండి, దాని కథ తర్వాత. మూడోది నింపే మూత. గేర్‌బాక్సు కుడిపక్కన పైన, 24 సైజు సాకెట్ కావాలి, మీద డబ్ల్యూఎస్ అని ఉంటుంది.

ఇక్కడ ఒక్క నియమం. ముందు పైది విప్పండి. పైది కదిలాకే కింద ముట్టుకోండి. కిందది ముందు విప్పి నూనంతా దింపేసి, పైది తుప్పు పట్టి రాకపోతే మీ బండి గరాజ్‌లో బొమ్మ. సోమవారం ఆఫీసుకి ఊబరే.

మూత తీస్తే సుమారు 3 లీటర్లు దిగుతుంది. కొలిచే గిన్నెలో పట్టండి. ఎంత దిగిందో మిల్లీలీటర్లతో సహా రాసుకోండి. బండి రాత్రంతా నిలబడి చల్లగా ఉన్నప్పుడు దింపండి, కొత్త నూనె సీసాలు కూడా అదే గరాజ్‌లో ఉండాలి. రెండూ ఒకే వేడిలో ఉంటేనే కొలతకి అర్థం.

*(సభలోంచి ఒక పెద్దాయన: "మూడు లీటర్లేనా? మొత్తం ఎంత పడుతుంది బాబూ?")*

మొత్తం పది లీటర్ల పైమాటేనండీ బాబాయిగారూ. మిగతాది టార్క్ కన్వర్టర్‌లో, గొట్టాల్లో ఉండిపోతుంది, కిందికి రాదు. ఉప్పెక్కువైన పప్పుచారులోంచి మూడు గరిటెలు తీసి మూడు గరిటెల నీళ్ళు పోసినట్టు. ఒకసారి మారిస్తే నాలుగో వంతుకి కొంచెం పైన కొత్తది. కొన్ని రోజులు నడిపి రెండోసారి మారిస్తే సగం. మూడోసారికి మూడింట రెండొంతులకి కాస్త తక్కువ. పూర్తిగా కొత్తది ఎప్పటికీ కాదు, కానక్కర్లేదు కూడా. గొట్టాలు విప్పి యంత్రం పెట్టి మొత్తం ఒకేసారి తోసేసే పద్ధతి ఉంది. నాకది ఇంట్లో చెయ్యాలనిపించదు. ఒకవేళ గేర్లు ఇప్పటికే జారుతున్నాయంటే మాత్రం నూనె మార్చి బాగవుతుందనుకోకండి. అరిగిన పలకని ఏ నూనే తిరిగి పెంచదు.

పళ్ళెం ఊడదీసి జల్లెడ మార్చాలా అని అడుగుతారు. ఇందులో ఉన్నది లోహపు జల్లెడ, కాగితం ఫిల్టర్ కాదు. నేను రెండోసారికి తీశాను. అడుగున అయస్కాంతాల మీద మెత్తటి బూడిదరంగు ముద్ద, కాటుకలాగా. అది మామూలే. ఇనుప ముక్కలు కనపడితేనే భయం. పళ్ళెం చుట్టూ బోల్టులకి 4.4 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. మణికట్టు బలం, అంతే. మోచేతి బలం వాడారా, బోల్టు తల మీ చేతిలోకి వస్తుంది. ఖాళీ చేసే మూతకీ చెక్ మూతకీ 20, పై మూతకి 39. వాషర్లు కొత్తవి వెయ్యండి. రూపాయి వాషర్ దగ్గర పీనాసితనం చూపించి నేలంతా ఎర్రచుక్కలు చేసుకోకండి.

నింపడం విసుగు పని. పై మూత పక్కకి ఉంటుంది కదా, గరాటు పనిచెయ్యదు. చేతి పంపు కొనుక్కోవాలి. సీసాకి బిగించి, గొట్టం లోపలికి పెట్టి, తైలసంస్కారం చేసినట్టు నొక్కుతూ కూర్చోవాలి. దిగిన దానికంటే పావులీటరు ఎక్కువే పొయ్యండి. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

మొదటిసారి నేను ఇక్కడిదాకా అన్నీ సరిగ్గా చేశాను. చాలా గర్వపడ్డాను. బండి తీసుకుని అలా వెళ్ళి టీ తాగి, కొత్తిమీర కొనుక్కుని వచ్చాను. నూనె బాగా కలవాలి కదా అని. వచ్చి, ఇంజిను నడుస్తుండగా చెక్ మూత విప్పాను. ధారగా కారింది. "ఓహో, ఎక్కువ పోశాను" అనుకుని ధార చుక్కలయ్యేదాకా ఉంచి మూసేశాను. మర్నాడు పొద్దున రివర్స్ వేస్తే బండి కదల్లేదు. ఒకటి, రెండు... అప్పుడు ధడేల్‌మని కదిలింది. వారం రోజులు అలాగే.

ఏం జరిగింది? ఆ చెక్ మూత లోపల పళ్ళెంలో ఒక చిన్న గొట్టం నిలువుగా ఉంటుంది. దాని అంచు దాటిన నూనె కారిపోతుంది, అంచు దగ్గర ఆగుతుంది. డిప్‌స్టిక్ బదులు అదన్నమాట. మా నాన్నగారి చిటికెనవేలు. కానీ నూనె వేడికి పొంగుతుంది. పది లీటర్ల నూనె 20 డిగ్రీలనుంచి 80 డిగ్రీలకి వెళితే సుమారు అరలీటరు పెరుగుతుంది. నేను 80 దగ్గర విప్పాను. ఆ అరలీటరూ కారిపోయింది. చల్లారాక పొద్దున్నే చూస్తే అంత తక్కువ. పంపు గాలి పీలుస్తోంది, రివర్స్ పట్టట్లేదు.

అందుకని ఆ గొట్టం ఎత్తుని ఒక వేడికి లెక్కగట్టి పెట్టారు. ఈ గేర్‌బాక్సుకి 46 నుంచి 56 డిగ్రీల సెంటిగ్రేడ్. ఆ పది డిగ్రీల్లోనే చూడాలి. 46కి ముందు చూస్తే నూనె ఇంకా పొంగలేదు, కారదు, మీరు ఇంకా పోస్తారు, ఎక్కువవుతుంది. ఎక్కువైతే గేర్ల దెబ్బకి నురగ కడుతుంది. 56 దాటాక చూస్తే నా గతి.

ఆ వేడి తెలుసుకోడానికి కంపెనీ పెట్టిన దారి విచిత్రంగా ఉంటుంది. స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్ ఉంటుంది, మెకానిక్కులు బండి కంప్యూటర్‌ని చదివేది అక్కడే. అందులో 4, 13 పిన్నుల్ని తీగతో కలపాలి. కలిపి, బ్రేకు తొక్కి, గేరు ఎన్ నుంచి డీకి, డీ నుంచి ఎన్‌కి తాళం వేసినట్టు కొన్నిసార్లు మార్చాలి. అప్పుడు డీ దీపం వెలుగుతుంది, తీగ తీసెయ్యాలి. ఆ తర్వాత దీపం ఆరి ఉంటే ఇంకా చల్లగా ఉంది. వెలిగితే సరైన వేడి. మిణుకుమిణుకుమంటే దాటిపోయింది. బానే ఉంది కానీ 16వ పిన్నులో బ్యాటరీ కరెంటు నేరుగా ఉంటుంది. కళ్ళజోడు లేకుండా, తల్లకిందులుగా పడుకుని తీగ పెట్టేవాళ్ళకి నేనా సలహా ఇవ్వను. చిన్న బ్లూటూత్ ఓబీడీ ముక్క పెట్టుకుంటే ఫోన్లోనే గేర్‌బాక్సు పళ్ళెం వేడి అంకెల్లో కనపడుతుంది.

అంటే చివరి భాగం ఇలా. ఇంజిను ఆన్ చెయ్యండి, ఏసీ ఆపండి. బ్రేకు తొక్కి గేరు ఒక్కో చోట కొన్ని సెకన్లు ఉంచుతూ పీ నుంచి కిందిదాకా, మళ్ళీ పైకి. గొట్టాలన్నీ నిండాలి కదా. పీలో పెట్టి, ఫోను చూస్తూ కూర్చోండి. ఇంజిను ఆపకూడదు. ఆపితే పైనున్న నూనె కూడా పళ్ళెంలోకి దిగొచ్చి ఎక్కువ చూపిస్తుంది. 46 రాగానే కిందికి దూరి చెక్ మూత విప్పండి. పావులీటరు ఎక్కువ పోశారు కాబట్టి ధార వస్తుంది. ధార సన్నబడి చుక్కలు పడుతుండగా మూసెయ్యండి. చుక్క కూడా రాలేదంటే పైనుంచి ఇంకొంచెం కొట్టండి, కారేదాకా. పక్కనే సైలెన్సర్ గొట్టం ఉంటుంది, కాలుతుంది, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి.

మనూళ్ళో... మన టెక్సస్‌లో అంటున్నాను, ఇదీ ఊరైపోయింది... జులైలో ఈ పని పెట్టుకోకండి. గరాజ్‌లో రాత్రంతా నిలబడ్డ బండే 35 దగ్గర ఉంటుంది. 46 ఇట్టే వస్తుంది, 56 ఇట్టే దాటుతుంది. మూత జారవిడిచి వెతుక్కునేలోపు అయిపోతుంది. దాటిపోతే ఇంజిను ఆపి, భోజనం చేసి, సాయంత్రం మళ్ళీ. నవంబరు పొద్దున్న హాయి.

*(ఒక యువకుడు: "అన్నా, మా హెచ్‌ఓఏ, అదే మా కాలనీ ఇళ్ళ సంఘం వాళ్ళు డ్రైవ్‌వేలో రిపేర్లు ఒప్పుకోరు.")*

గరాజ్ లోపల చేసుకో తమ్ముడూ. పాత నూనె విషయంలో మాత్రం వాళ్ళకంటే నేను కఠినం. మా ఊళ్ళో పాత ఆయిల్ పారబోసేవాళ్ళు కాదు, చెద పట్టకుండా గుంజలకి పూసేవాళ్ళు, బండి ఇరుసుకి వేసేవాళ్ళు. ఇక్కడ మనకి గుంజలూ లేవు, ఇరుసులూ లేవు. డ్రైన్‌లో పొయ్యకండి. ఆటోజోన్, ఓరైలీ లాంటి విడిభాగాల షాపుల్లో ఊరికే తీసుకుంటారు. ఖాళీ అయిన సీసాల్లోనే పోసి పట్టుకెళ్ళండి. వంట నూనెతో కలపకండి, గారెలు వేయించిన నూనె కలిపి తెచ్చినాయన్ని నా కళ్ళతో చూశాను, వాళ్ళు తీసుకోలేదు.

రెండోసారి చేస్తున్నప్పుడు మా నాన్నగారు వీడియో కాల్‌లో ఉన్నారు. ఫోన్లో అంకె చూస్తూ కూర్చున్నానని చెబితే, "బండికి జ్వరం చూస్తున్నావేంట్రా?" అన్నారు. అవును నాన్నా, 46 వస్తే మందేస్తాను అన్నాను. ఆ తర్వాత పావుగంట ఆయన కూడా ఫోను దింపకుండా "ఎంతొచ్చింది? ఎంతొచ్చింది?" అని అడుగుతూనే ఉన్నారు.

సరే, ఇంక మాటలు చాలు. నా బండి బయట నిన్న రాత్రినుంచీ కదలకుండా ఉంది. ఇందాక చూస్తే 19 డిగ్రీలు. ఇంకొకసారి మార్చాలి ఎలాగూ, మూడో విడత. అందరం వెళదాం. చేతులకి ఉంగరాలు, వాచీలు తీసేసి రండి. బాబాయిగారూ, మీరు ఫోను పట్టుకుని అంకె చదవాలి. ముందు ఏ మూత విప్పుతాం?

*(సభ: "పైది!")*

24 సాకెట్ ఎవరి దగ్గరుంది?